ప్లగ్గు పీకని ఆదివారం

ముప్పై రెండేళ్ళపాటు నాకు జీతం ఇచ్చింది ఇంకొకరు చేసిన వస్తువులో తప్పు పట్టినందుకు. బెంగళూరు పక్కన జిగణిలో ఒక ఫ్యాక్టరీ. పొలాల్లో బోరు మోటార్లకి పెట్టే స్టార్టర్ బోర్డులు తయారుచేసేవాళ్ళం. నాది టెస్టింగ్ విభాగం. ఇప్పుడు ఈ పనిలోకి వస్తున్న పిల్లలు మా ఆదివారం క్లబ్బుకి వచ్చి, "సార్, మీ ఎక్స్‌పీరియన్స్ చెప్పండి" అంటారు. చెప్పమంటే చాలామంది పెద్దలు ఏ సంవత్సరం ఏ హోదా వచ్చిందో చెబుతారు. అది విని ఎవరూ బాగుపడగా నేను చూడలేదు.

నేను రాయదలచుకున్నది ఒక పెట్టె గురించి. రిటైరయ్యాక, మా క్లబ్బులో, నా చేత్తో పాసు చేసిన పెట్టె. దాన్ని నమ్మి నారాయణప్ప అనే మనిషి మురుగు గుంటలోకి దిగాడు. అతను బతికాడు కాబట్టి ఈ మాటలు ఇంత నిమ్మళంగా రాయగలుగుతున్నాను. లేకపోతే అసలు రాసేవాణ్ణి కాదనుకుంటాను.

సుశీలమ్మ చెయ్యి

నేను చేరిన కొత్తలో టెస్టింగ్‌కి పెద్ద సుశీలమ్మ. పుట్టింది పెరిగింది బెంగళూరే. ఇంట్లో తెలుగు, బజార్లో కన్నడ, కోపం వస్తే రెండూ. చదువు డిప్లొమా. ఇంజనీర్లందరూ ఆమెని చూస్తే పక్క వరండాలోంచి వెళ్ళేవాళ్ళు.

నాకు అప్పగించిన మొదటి బోర్డుని బల్లమీద పెట్టి డెబ్భై గంటలు నడిపాను. ప్రతి గంటకీ రీడింగు రాశాను. ఒక్క తేడా లేదు. కాగితం పట్టుకుని సంతకం కోసం ఆమె దగ్గరికి వెళ్ళాను. ఆమె కాగితం చూడలేదు. లేచి నా బల్ల దగ్గరికి నడిచి, గోడకున్న ప్లగ్గు లాగేసి, మూడు లెక్కబెట్టి మళ్ళీ పెట్టింది. బోర్డు లేవలేదు.

నాకు ఒళ్ళు మండింది. "అట్లా పీకేస్తే ఎట్లా మేడం? డెబ్భై గంటలు నడిచింది కదా" అన్నాను.

"మీ ఊర్లో కరెంటు డెబ్భై గంటలు ఉంటాదా అప్పా?" అంది ఆమె.

మాది మదనపల్లె పక్కన పల్లె. రోజుకి ఎన్నిసార్లు కరెంటు పోతుందో నాకు తెలియంది కాదు. బల్ల దగ్గర కూర్చున్నాక ఆ సంగతి మర్చిపోయాను, అంతే. ఈ పనిలో చదువున్నవాళ్ళు చేసే తప్పుల్లో సగం ఇలాంటివే. తెలియక కాదు, తెలిసింది బల్లదాకా తీసుకురాక.

సుశీలమ్మ ఆ తర్వాత పదకొండేళ్ళు అదే పని చేసింది. చెప్పాపెట్టకుండా వచ్చి ప్లగ్గు పీకేది. భోజనాల వేళ పీకేది, పై ఆఫీసరుకి మేం చూపిస్తుండగా పీకేది. "నడిచేది చూసేదానికి నువ్వెందుకు? గోడకి తగిలించిన క్యాలెండరు కూడా చూస్తాది. పడినాక లేస్తాదా లేదా, అది చూడప్పా" అనేది. నాకు ఈ వృత్తిలో తెలిసిన విద్యంతా ఆ ఒక్క మాటకి వ్యాఖ్యానం.

టెస్టింగువాణ్ణి పెళ్ళికి పిలవరు

ఇది కొత్తవాళ్ళకి ముందే చెప్పాలి. వస్తువు చేసినవాడికి పేరొస్తుంది, అమ్మినవాడికి బహుమానమొస్తుంది, తప్పు పట్టినవాడికి వచ్చేది మొహం తిప్పుకోవడం. డిజైన్ విభాగంలో ఒకాయన పక్క సీట్లో కూర్చుని కూడా తన కూతురి పెళ్ళికార్డు నాకివ్వలేదు. ఆ ఏడాది ఆయన బోర్డులు మూడుసార్లు వెనక్కి పంపాను మరి. పోనీలే, లడ్డు బయట కూడా దొరుకుతుంది.

ఇలా ఏళ్ళతరబడి అందరి మొహాలూ మాడ్చాక మనిషికి ఒక రోగం వస్తుంది. ఎప్పుడో ఒకసారైనా నలుగురూ మెచ్చుకుంటే బాగుండునని లోపల ఎక్కడో ఉంటుంది. ఉద్యోగంలో ఉన్నన్నాళ్ళూ దాన్ని అణిచిపెట్టాను. రిటైరయ్యాక అది అదును చూసుకుని లేచింది. ఆ సంగతి ముందు ముందు వస్తుంది.

క్లబ్బు పద్ధతి

సర్జాపుర రోడ్డులో మేముండే అపార్ట్‌మెంటు క్లబ్‌హౌస్ వెనక ఒక గది ఖాళీగా ఉండేది. అక్కడ ఆదివారం పొద్దున పది నుంచి ఒంటిగంట దాకా కూడతాం. వచ్చేది ఎక్కువగా బెళ్ళందూరు ఆఫీసుల్లో పనిచేసేవాళ్ళు. వారమంతా కనబడని సర్వర్ల కోసం కోడు రాసి, ఆదివారం కనబడే వస్తువు ఏదైనా కదిలించాలని వస్తారు. అందరూ వాడేది మైక్రోకంట్రోలర్, అంటే గోరంత కంప్యూటర్. ఒక పని నేర్పితే అదే పని చేస్తూ కూర్చుంటుంది. మొక్కలకి నీళ్ళు పొయ్యడం, ట్యాంకు నిండితే మోటారు ఆపడం, పావురాలు బాల్కనీలోకి వస్తే తోలడం. పావురాలు తోలే యంత్రాలు మా క్లబ్బులో ఇప్పటికి ఆరు తయారయ్యాయి. పావురాలు మాత్రం ఎక్కడికీ పోలేదు.

సుశీలమ్మ పద్ధతిని నేను క్లబ్బుకి తెచ్చాను. ప్రాజెక్టు పూర్తయిందని ఎవరైనా అంటే దాన్ని నడి బల్లమీద పెట్టాలి. చేసినవాళ్ళు చేతులు కట్టుకుని పక్కన నిలబడాలి. మాట్లాడకూడదు, ముట్టుకోకూడదు. వేరే ఎవరైనా వచ్చి ప్లగ్గు పీకి, మళ్ళీ పెడతారు. దానంతటది లేచి పనిచేస్తే చప్పట్లు, కాఫీ. లేవకపోతే కాఫీ ఒక్కటే.

మొదట్లో అందరూ నవ్వారు. ఇరవై ప్రాజెక్టుల్లో పద్నాలుగు లేవకపోయేసరికి నవ్వు ఆగింది. చేతులు కట్టుకుని నిలబడినవాడి వేళ్ళు ఎలా గిలగిలలాడతాయో చూస్తే తప్ప తెలియదు. ఆ బటన్ ఒకసారి నొక్కితే చాలు సార్, ఆ వైరు కొంచెం కదిపితే చాలు సార్ అని కళ్ళతో బతిమాలుతుంటారు.

నారాయణప్ప

మా అపార్ట్‌మెంటు బేస్‌మెంటులో మురుగునీటి శుద్ధి ప్లాంటు ఉంది. అందరూ ఎస్టీపీ అంటారు. దాన్ని చూసుకునే మనిషి నారాయణప్ప. కదిరి ప్రాంతం నుంచి మేస్త్రీ పనికని వచ్చి, నడుం పట్టేశాక ఈ పనిలో కుదురుకున్నాడు. యాభై దాటిన మనిషి. మూడు వందల ఇళ్ళ మురుగు ఎక్కడికి పోతుందో ఆ ఇళ్ళవాళ్ళెవరికీ తెలియదు, అతనికి తెలుసు.

క్లబ్బులో నస్రీన్ అనే అమ్మాయి ఉంది. కర్నూలు అమ్మాయి, బెళ్ళందూరులో సాఫ్ట్‌వేరు ఉద్యోగం, మా పై అంతస్తులోనే కాపురం. ఒకరోజు ఎవరో ఎక్కడో ఇలాంటి గుంటలో దిగి విషవాయువుకి చనిపోయారని పేపర్లో చదివి, క్లబ్బుకి వచ్చి, "సార్, పావురాలు చాలు. నారాయణప్ప గారికి గ్యాస్ అలారం చేద్దాం" అంది. గుంటలో గ్యాసు చేరితే పెట్టె అరవాలి. అరిస్తే అతను దిగకూడదు. మంచి ఆలోచన. నాకు ఆ అమ్మాయిమీద గౌరవం పెరిగింది, ఇప్పటికీ తగ్గలేదు.

అతన్ని అడగడానికి ఇద్దరం కిందికి వెళ్ళాం. ఇప్పటిదాకా గ్యాసు ఉందో లేదో ఎలా తెలుసుకుంటున్నావని అడిగాను.

"బొద్దింకలు చూస్తా సార్" అన్నాడు.

"బొద్దింకలా?"

"మూత తీసి అర్ధగంట పక్కకి పోతా. ఫ్యాను పెడతా. మళ్ళ వచ్చి టార్చి ఏసి చూస్తా. గోడమీద బొద్దింకలు అట్లా ఇట్లా తిరుగుతాంటే దిగొచ్చు. ఒకటి కూడా లేకుంటే ఆ పొద్దు పని ల్యా. మా మేస్త్రీ నేర్పించె."

నస్రీన్ మొహం చిట్లించింది. నేను నవ్వాను. బొద్దింకని నమ్ముకుని మనిషి గుంటలో దిగడమేమిటి, ఈ కాలంలో! ఆ బొద్దింకలు శాస్త్రమని నేను ఇప్పుడూ అనను. కానీ ఆ నవ్వు మాత్రం ఇవాళ తలుచుకుంటే నాకు బాగా లేదు.

అప్పుడే నేను చెప్పాల్సిన మాట ఒకటుంది. అసలు మనిషి ఆ గుంటలో దిగనే కూడదు. చట్టం కూడా అదే అంటుంది. పీల్చే యంత్రమున్న లారీ తెప్పించి శుభ్రం చేయించాలి. ఆ సంగతి నాకు తెలుసు, నస్రీన్‌కి తెలుసు, అసోసియేషన్ సెక్రటరీకి తెలుసు. అయినా మేమందరం అతను ఎలా దిగాలో ఆలోచించామే కానీ ఎందుకు దిగాలని అడగలేదు.

పచ్చ లైటు

నస్రీన్ రెండు నెలలు కష్టపడింది. గుంట మూత దగ్గర సెన్సారు, పంపు గదిలో గోడకి పెట్టె, పెట్టెమీద ఒక పచ్చ లైటు, ఒక సైరన్. ఆ జాతి సెన్సారుకి ఒక గుణం ఉంది. మొదటిసారి వాడేముందు ఒక రోజంతా కరెంటులో ఉంచి వేడెక్కనివ్వాలి. అందుకని శనివారం పొద్దునే పంపు గదిలో పెట్టె బిగించి, రీడింగులు చూసుకోడానికి తన లాప్‌టాప్ తగిలించి, అలాగే వదిలిపెట్టింది.

ఆదివారం క్లబ్బు మొత్తం బేస్‌మెంటులోకి దిగింది. సెక్రటరీ కూడా ఫోను చేత్తో పట్టుకుని ఫొటోలకి సిద్ధంగా వచ్చాడు. నారాయణప్ప గుంటలోని మురుగు కొంచెం సీసాలో పట్టి తెచ్చాడు. నస్రీన్ ఆ సీసా బాగా కుదిపి, మూత తీసి సెన్సారు దగ్గర పెట్టింది. సైరన్ చెవులు పగిలేలా అరిచింది. అందరూ చప్పట్లు కొట్టారు.

క్లబ్బులో ఒకరు అలవాటు ప్రకారం గోడ ప్లగ్గు దగ్గరికి చెయ్యి పోనిచ్చారు. నస్రీన్ కూడా చేతులు కట్టుకుని పక్కకి జరిగింది. నేనే ఆపాను.

"వద్దు వద్దు, ఒక రోజంతా వేడెక్కింది, ఇప్పుడు పీకితే మళ్ళీ మొదటికొస్తుంది" అన్నాను.

అది నిజం కాదు. ఒక్క నిమిషం పీకితే దానికేమీ కాదు, రెండు నిమిషాల్లో తేరుకుంటుంది. అది నాకు తెలుసు. చుట్టూ నలభైమంది ఉన్నారు, సెక్రటరీ నా భుజంమీద చెయ్యేసి ఫొటో తీయించుకుంటున్నాడు, ముప్పై రెండేళ్ళలో మొదటిసారి నేను నిలబడినచోట చప్పట్లు వినబడుతున్నాయి. ఆ సమయంలో పెట్టె లేవకపోతే ఎలా ఉంటుందో నేను ఊహించుకున్నాను. అంతే. సుశీలమ్మ బతికుంటే ఆ ప్లగ్గుతోపాటు నా చెవి కూడా పీకేది.

నారాయణప్ప మాత్రం పెట్టెకేసే చూస్తున్నాడు.

"సార్, ఆ పచ్చ లైటు ఏం చెప్తాండాది?"

"అది వెలుగుతుంటే అంతా బాగున్నట్టు" అన్నాను.

"పెట్టె సచ్చిపోతే ఎట్ల తెలిసేది?"

"అది చావదప్పా" అన్నాను. జనం నవ్వారు. అతనూ నవ్వాడు, పెద్దవాళ్ళు నవ్వుతుంటే నవ్వాలి కాబట్టి.

ఆ గదిలో అసలైన టెస్టు ఇంజనీరు ఎవరంటే అతనే. నేను ఉద్యోగం మొత్తంలో విన్న ప్రశ్నల్లో అంత సరైన ప్రశ్న ఒకటో రెండో ఉంటాయి. దానికి జవాబు చెప్పకుండా నవ్వించి పంపాను. ఆ పచ్చ లైటుని మేం నేరుగా కరెంటు తీగకి కలిపాం. అది చెప్పేదల్లా తీగలో కరెంటు ఉందని. లోపల మెదడు పనిచేస్తోందో లేదో దానికి తెలియదు. అంతా బాగుందని చెప్పింది లైటు కాదు, నేను.

బుధవారం

సోమవారం నస్రీన్ లాప్‌టాప్ తీసేసి ఆఫీసుకి పట్టుకెళ్ళింది. పెట్టె పనిచేస్తూనే ఉంది. మంగళవారం మధ్యాహ్నం కరెంటు పోయింది. జనరేటరు అందుకోడానికి పది సెకన్లు పడుతుంది. పదకొండో సెకనుకి పచ్చ లైటు మళ్ళీ వెలిగింది.

బుధవారం పొద్దున గుంటలో పంపుకి గుడ్డపీలికలు చుట్టుకుని ఆగిపోయింది. మురుగు పైకి తన్ని కార్లు పెట్టే చోటికి పారడం మొదలైంది. సెక్రటరీకి ఫోన్లమీద ఫోన్లు. ఆయన నారాయణప్పకి ఫోను చేశాడు. నారాయణప్ప మూత తీశాడు, అర్ధగంట ఆగాలన్నాడు. "పెట్టె పెట్టించాం కదా, అరవలేదు కదా, ఇంకా అర్ధగంటేమిటి, దిగు" అన్నాడు ఆయన. నారాయణప్ప పెట్టెకేసి చూశాడు. పచ్చగా వెలుగుతోంది, చప్పుడు లేదు. నడుముకి తాడు కట్టుకుని, తాడు కొస ఎలక్ట్రీషియన్ కుర్రాడు మంజు చేతికిచ్చి దిగాడు.

ఆ తర్వాత జరిగింది అతను ఆస్పత్రిలో నాకు చెప్పిందే రాస్తున్నాను.

"మూడో మెట్టు కాడ నిలబడి టార్చి ఏస్తి సార్. అలవాటు గదా. గోడమీద ఒక్క బొద్దింక కూడా లే. కిందికి చూస్తే అన్నీ సచ్చి నీళ్ళమీద ఎల్లకిల తేల్తాండాయి. ఇంక పైకి ఎగబాకినా. రెండు మెట్లు ఎక్కినంత సేపు తెలిసె. ఆమీద తెల్దు."

మంజు తాడు లాగి, చొక్కా కాలరు పట్టుకుని పైకి ఈడ్చాడు. పది నిమిషాలు స్పృహ లేదు. ఇంకొక్క మెట్టు దిగి ఉంటే తాడు పట్టుకున్నవాడు కూడా లోపలికి వంగేవాడని డాక్టరు చెప్పింది. ఇలాంటి గుంటల్లో ఒకరి వెంట ఒకరు పోయేది అలాగేనట.

ఇదంతా చెప్పి, నారాయణప్ప ఒక మాటన్నాడు. నింద వేసే గొంతు కాదు, నిజంగా అర్థంకాక అడిగాడు.

"లైటు పచ్చగానే ఉండె సార్."

నాకు తల కొట్టేసినట్టయింది. జీవితంలో ఎన్నో బోర్డులు తప్పాయి, ఎందరో తిట్టారు, ఏనాడూ నాకు సిగ్గనిపించలేదు. ఆ మంచం పక్కన నిలబడి సిగ్గుపడ్డాను.

ఒక్క వరుస

ఆస్పత్రికి వెళ్ళేముందే, ఆ మధ్యాహ్నమే, నస్రీన్, నేను పంపు గదికి వెళ్ళాం. మూత ఇంకా తెరిచే ఉంది, ఫ్యాన్లు తిరుగుతున్నాయి, గుంట దగ్గరికి ఎవర్నీ పోనివ్వకుండా తాడు కట్టారు. పెట్టె పచ్చగా, నోరు మూసుకుని ఉంది. లోపలేం జరుగుతోందో చూద్దామని నస్రీన్ లాప్‌టాప్ తగిలించి స్క్రీను తెరిచింది.

తెరిచీ తెరవగానే సైరన్ అరిచింది.

"సార్, పనిచేస్తా ఉంది కదా సార్! మరి అప్పుడెందుకు..." అంది.

నేను గోడ దగ్గరికి వెళ్ళి ప్లగ్గు పీకాను. ఆదివారం పీకాల్సిన ప్లగ్గు. లాప్‌టాప్ వైరు కూడా లాగేశాను. మూడు లెక్కబెట్టి ప్లగ్గు మళ్ళీ పెట్టాను. పచ్చ లైటు వెలిగింది. ఐదు నిమిషాలు ఆగాం. చప్పుడు లేదు. మురుగు సీసా తెచ్చి కుదిపి సెన్సారు కింద పెట్టాను. చప్పుడు లేదు. లాప్‌టాప్ తగిలించి స్క్రీను తెరిచాం. అరిచింది.

నస్రీన్ కోడు మొత్తం కిందనుంచి పైకి చదివింది. పైన మూడో వరుస దగ్గర ఆగి, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. కంప్యూటరు తగిలించి ఎవరో ఒకరు స్క్రీను తెరిచేదాకా ముందుకి వెళ్ళకుండా ఆగు, అని ఆ వరుస అర్థం. ఈ పని నేర్చుకునేవాళ్ళందరూ రాసే వరుసే అది. మొదటి రీడింగులు కళ్ళపడకుండా జారిపోకూడదని రాసుకుంటారు. పనయ్యాక తీసెయ్యాలి. తియ్యడం మర్చిపోయింది. రెండు నెలలూ పెట్టె ఆమె బల్లమీద, ఆమె లాప్‌టాప్‌కి కట్టేసి, ఆమె కళ్ళముందే నడిచింది. శనివారమూ అంతే, ఆదివారమూ అంతే. మంగళవారం పది సెకన్లు కరెంటు పోయి వచ్చాక, ఆ పెట్టె మూడో వరుస దగ్గర ఆగి ఎవరైనా స్క్రీను తెరుస్తారేమోనని ఎదురుచూస్తూ కూర్చుంది. మనం చూస్తున్నంతసేపూ పనిచేసి, చూడనప్పుడు ఊరుకుంది.

"తప్పు నాది సార్. పాపం ఆయనకి ఏమన్నా అయుంటే నేను..." అని ఏడ్చింది.

ఆ అమ్మాయికి చెప్పిందే ఇక్కడా రాస్తాను. కోడు రాసేవాళ్ళు తప్పులు రాస్తారు, రాయకుండా ఎవరికీ సాధ్యం కాదు. ఆ తప్పు గడప దాటకుండా ఆపడానికే పక్కన ఇంకొకడు ఉండేది. ఆ వరుస ఆమెది, ఆ పెట్టెని పాసు చేసిన మాట నాది. ప్లగ్గు ఒక్కసారి పీకి ఉంటే ఆదివారమే బయటపడేది, నలభైమంది ముందు నవ్వులపాలయ్యేవాళ్ళం, కాఫీ తాగి ఇళ్ళకి పోయేవాళ్ళం. అందరికీ శకునం చెప్పే బల్లి తాను పోయి కుడితిలో పడిందంటారే, నా సంగతి సరిగ్గా అదే.

ఇంకో మాట. పెట్టె పనిచెయ్యకపోవడం కన్నా పెద్ద తప్పు, పెట్టె అక్కడ ఉండటం. అది లేనప్పుడు నారాయణప్పకి అర్ధగంట ఉంది, ఫ్యాను ఉంది, బొద్దింకలున్నాయి. మేం వెళ్ళి ఆ మూడింటినీ తీసేసి ఒక పచ్చ లైటు ఇచ్చాం. ఒకరికి మీరేదైనా చేసిపెట్టేటప్పుడు, అతని దగ్గర ఇప్పటికే ఉన్నదాన్ని అది తోసేస్తుందేమో చూడండి. సరదా కోసం కొనే సెన్సారుమీద మనిషి ప్రాణం పెట్టడం ఎంత తప్పో వేరే చెప్పక్కర్లేదు. అదీ నాకు తెలుసు.

మళ్ళీ బల్లమీద

నస్రీన్ పది రోజులు క్లబ్బుకి రాలేదు. తర్వాత వచ్చి పెట్టెని మొదటినుంచీ కట్టింది. ఆ వరుస తీసేసింది. పచ్చ లైటు కూడా తీసేసింది. దాని బదులు, లోపలి మెదడు బతికున్నంతసేపూ ప్రతి ఐదు సెకన్లకీ పెట్టె టక్కుమంటుంది. టక్కు వినబడకపోతే పెట్టె చచ్చిందని లెక్క, మూత దగ్గరికే పోకూడదు. నారాయణప్ప అడిగిన ప్రశ్నకి జవాబు అది. మూడు వారాలు ఆలస్యంగా.

ఆ ఆదివారం నారాయణప్పని క్లబ్బుకి పిలిచాం. సెక్రటరీ కూడా వచ్చి ఒక మూల కూర్చున్నాడు, ఈసారి ఫోను జేబులో ఉంది. పెట్టె నడి బల్లమీద టక్కు టక్కుమంటోంది. నస్రీన్ చేతులు కట్టుకుని నిలబడింది. నేను కూడా ఆమె పక్కన చేతులు కట్టుకుని నిలబడ్డాను. క్లబ్బు పెట్టినప్పట్నుంచీ నేను ఆ వైపు నిలబడటం అదే మొదలు.

"నువ్వే పీకప్పా" అన్నాను.

నారాయణప్ప కొంచెం సంకోచించి ప్లగ్గు పీకాడు. టక్కు ఆగింది. మళ్ళీ పెట్టాడు. రెండు క్షణాలకి టక్కుమంది. మళ్ళీ పీకాడు. మళ్ళీ పెట్టాడు. మేం ఒకసారి పీకి చప్పట్లు కొట్టేవాళ్ళం. అతను లెక్కపెట్టుకుంటూ పదకొండుసార్లు పీకాడు. పదకొండుసార్లూ లేచింది.

"బాగుండాది సార్" అన్నాడు. నస్రీన్ ఊపిరి వదిలింది. అతను చేతులు లుంగీకి తుడుచుకుని, సెక్రటరీ వైపు కాదు, నా వైపే చూసి అన్నాడు:

"కానీ నేను ఇంక దిగను సార్."

నేను మొదటిరోజు చెప్పాల్సిన మాట అది. ముప్పై రెండేళ్ళు వస్తువులకి "ఇది పనికిరాదు" అని చెప్పి జీతం తీసుకున్న నేను, ఒక మనిషిని గుంటలో దింపే పద్ధతికి మాత్రం ఆ మాట చెప్పలేకపోయాను. అతని ఉద్యోగం పోతుందేమోనన్న భయం అతనికి ఉంది. అయినా అన్నాడు. నాకు పోయేదేముంది? ఏమీ లేదు. అయినా అనలేదు.

"అతను దిగడు. ఇంకెవరూ కూడా దిగరు" అన్నాను సెక్రటరీతో. నస్రీన్ కూడా అదే అంది. ఒకరి తర్వాత ఒకరు క్లబ్బులో అందరూ అన్నారు. వాళ్ళలో పాతికమంది మా అపార్ట్‌మెంటులో ఇళ్ళున్నవాళ్ళే. సెక్రటరీ గొంతు సవరించుకుని, సరే, లారీ మాట్లాడదాం అన్నాడు. మాట్లాడాడు కూడా. ఇప్పుడు పంపు ఆగితే లారీ వస్తుంది, రెండు గంటలు కంపు కొడుతుంది, కార్లవాళ్ళు ముక్కులు మూసుకుని తిట్టుకుంటారు. తిట్టుకోనివ్వండి.

"మరి ఈ పెట్టె ఏం చేద్దాం నారాయణప్పా?" అని అడిగింది నస్రీన్.

అతను ఆలోచించాడు. "నేనంటే దిగను. రేపొద్దున నా జాగాలో ఇంకొకడు వస్తాడు, వానికేం తెలుసు? మూత ఎత్తితే సాలు, గ్యాసున్నా లేకున్నా అరిచేట్ల చేసేకి అయితాదా మేడం?"

దానికి సెన్సారు అక్కర్లేదు. మూత కింద రూపాయి బిళ్ళంత స్విచ్చి చాలు. నస్రీన్ అక్కడే కూర్చుని పావుగంటలో సెన్సారు విప్పేసి స్విచ్చి కలిపింది. రెండు నెలల తెలివంతా పక్కన పెట్టాక మిగిలింది అంత చిన్న పని. మా క్లబ్బులో తయారైనవాటిల్లో ఇంతకన్నా మొద్దు వస్తువు లేదు. కొత్తగా చేరినవాళ్ళు దాన్ని చూసి, ఇదీ ఒక ప్రాజెక్టేనా సార్ అంటారు. అవునంటాను.

స్విచ్చి కలిపాక ఆ రోజే పెట్టె మళ్ళీ బల్లమీదికి వచ్చింది. నారాయణప్ప వంగి పన్నెండోసారి ప్లగ్గు పీకాడు. మేమందరం చేతులు కట్టుకుని నిలబడ్డాం.